తుపాకీ ముందు ఛాతీ, ఫైలు మీద సంతకం

1954 నవంబరు 6. కర్నూలులో ఆంధ్ర రాష్ట్ర శాసనసభ. అవిశ్వాస తీర్మానం మీద ఓట్లు లెక్కపెట్టారు. తీర్మానానికి అనుకూలంగా 69, వ్యతిరేకంగా 68. ఒకే ఒక్క ఓటు తేడాతో తెలుగువాళ్ళ మొదటి ప్రభుత్వం పడిపోయింది. ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులుకు అప్పటికి 82 ఏళ్ళు. రాష్ట్రం వయసు పదమూడు నెలలు. దాన్ని పడగొట్టింది కల్లు గొడవ.

ప్రకాశం పంతులు పేరు చెప్పగానే మనకు గుర్తొచ్చేది ఈ ఓటింగు కాదు. 1928లో మద్రాసు వీధిలో తుపాకుల ముందు చొక్కా విప్పి నిలబడ్డ మనిషే గుర్తొస్తాడు. స్కూలు పుస్తకాల్లో ఆ బొమ్మే, కూడళ్ళలో విగ్రహాల కింద ఆ కథే. ఆ సాహసం నిజం, దాన్ని ఎంత పొగిడినా తక్కువే. కానీ ఆ ఒక్క ఘట్టం దగ్గరే ఆగిపోవడం వల్ల ఆయనకూ మనకూ కూడా అన్యాయం జరిగింది. ఛాతీ చూపడం కొద్ది నిమిషాల పని. దానికి ముందూ వెనకా యాభై ఏళ్ళ పాటు ఆయన పత్రిక నడిపారు, జమీందారీల లెక్కలు తవ్వి తీశారు, రెండు ప్రభుత్వాలు నడిపారు, రెండూ పోగొట్టుకున్నారు. కోస్తా రైతు ఇవాళ్టికీ అనుభవిస్తున్న మేలు చాలావరకు ఈ రెండో రకం పనిలోంచి వచ్చింది.

ప్రకాశం 1872 ఆగస్టు 23న ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టారు. తల్లి సుబ్బమ్మ, తండ్రి గోపాలకృష్ణయ్య. పదకొండేళ్ళ వయసులో తండ్రి పోయారు. సుబ్బమ్మ పిల్లల్ని తీసుకుని ఒంగోలు చేరి పూటకూళ్ళ ఇల్లు పెట్టింది. ఆ రోజుల్లో ఒక బ్రాహ్మణ వితంతువు డబ్బులు తీసుకుని పదిమందికీ వండి వడ్డించడమంటే బంధువుల్లో తలవంపుగా చూసేవారు. ఆమె లెక్క చేయలేదు. పిల్లవాడి పరీక్ష ఫీజు మూడు రూపాయలు కట్టాల్సి వచ్చింది. ఆ డబ్బు కోసం ప్రకాశం అద్దంకిలో ఉన్న బావగారింటికి వెళ్ళినా ఫలితం లేకపోయింది. చివరికి తల్లి తన పట్టుచీర తాకట్టు పెట్టి ఆ మూడు రూపాయలు తెచ్చింది. తన ఆత్మకథ ‘నా జీవిత యాత్ర’లో ప్రకాశం తన బాల్యం గురించి ఏ దాపరికమూ లేకుండా రాసుకున్నారు. ఆకతాయి సావాసాలు, నాటకాల పిచ్చి, ఆడవేషాలు కట్టడం, దానికి ఇంట్లో పడ్డ చీవాట్లు అన్నీ అందులో ఉన్నాయి. సాధారణంగా నాయకులు తమ చిన్నతనం గురించి రాసేటప్పుడు ఎంపిక చేసి రాస్తారు. ఈయన అలా చేయలేదు.

ఆ నాటకాల ద్వారానే ఆయనకు ఇమ్మనేని హనుమంతరావు నాయుడు దగ్గరయ్యారు. మిషన్ స్కూల్లో ఉపాధ్యాయుడు. కుర్రవాడి తెలివి గమనించి, తనతో పాటు రాజమండ్రి తీసుకువెళ్ళి చదివించారు, మద్రాసులో లా చదువుకూ సాయం చేశారు. కులం వేరు, బంధుత్వం లేదు. నాయుడుగారే లేకపోతే ప్రకాశం ఒంగోలు వీధుల్లోనే మిగిలిపోయేవారని అనుకోవడంలో తప్పులేదు.

రాజమండ్రిలో ప్లీడరీ బాగా సాగింది. మునిసిపల్ ఛైర్మన్ కూడా అయ్యారు. అయితే ఆయన సెకండ్ గ్రేడ్ ప్లీడరు. కింది కోర్టుల్లో ఎంత పేరు తెచ్చుకున్నా హైకోర్టులో వాదించడానికి ఆ అర్హత చాలదు. బారిస్టరైతేనే ఆ తలుపు తెరుచుకుంటుంది. అందుకే 1904లో, ముప్ఫై రెండేళ్ళ వయసులో, ఇంగ్లండుకు ఓడెక్కారు. మాంసం ముట్టనని, మద్యం తాగనని, పొగాకు జోలికి పోనని తల్లికి మాటిచ్చి బయలుదేరారు. అక్కడ చదువుతో పాటు దాదాభాయి నౌరోజీ ఎన్నికల ప్రచారంలో కూడా తిరిగారు. 1907లో తిరిగొచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు.

ఆ తరువాతి పద్నాలుగేళ్ళలో ఆయన సంపాదించిన డబ్బు చిన్నాచితకా కాదు. మద్రాసు హైకోర్టులో పేరున్న లాయర్లలో ఒకరు. ఇళ్ళు, భూములు కొన్నారు. 1921లో గాంధీ పిలుపు విని అదంతా వదిలేశారు. వదలడమే కాదు, సంపాదించింది కూడా ఒక పనిలో పోసేశారు. ఆ పనే ‘స్వరాజ్య’ పత్రిక.

‘స్వరాజ్య’ 1921లో మద్రాసులో మొదలైన ఇంగ్లీషు దినపత్రిక. అప్పటికి మద్రాసులో ‘హిందూ’ బలంగా ఉంది, ప్రభుత్వం వైపు మాట్లాడే పత్రికలూ ఉన్నాయి. కాంగ్రెస్ ఉద్యమాన్ని మొహమాటం లేకుండా భుజాన వేసుకునే పత్రిక కావాలని ప్రకాశం పట్టుబట్టారు. పేరున్న పత్రికా రచయితలు కొందరు అక్కడే రాటుదేలారు. ఖాసా సుబ్బారావు వారిలో ఒకరు. పత్రిక ఖర్చు ఎప్పుడూ రాబడిని మించేది. ప్రకాశం ఇళ్ళు, పొలాలు ఒక్కొక్కటే దానికి సమర్పించారు. జైలుకు వెళ్ళినప్పుడల్లా పత్రిక మరింత అప్పుల్లో కూరుకుపోయేది. చివరికి 1930ల మధ్యలో మూతపడింది. లాయరుగా కూడబెట్టింది అందులోనే హరించుకుపోయింది. వ్యాపారదృష్టితో చూస్తే అది పెద్ద వైఫల్యం. కానీ ఉప్పు సత్యాగ్రహం నాటి దక్షిణాదిలో కాంగ్రెస్ మాట పల్లెపల్లెకూ చేరడానికి ‘స్వరాజ్య’ లాంటి పత్రిక అవసరం ఎంత ఉందో ఆనాటివాళ్ళకు తెలుసు.

ఇక ఆ 1928 ఫిబ్రవరి 3. ఒక్క భారతీయుడు కూడా సభ్యుడిగా లేని సైమన్ కమిషన్ ఆ రోజు బొంబాయిలో దిగింది. దేశమంతా హర్తాళ్. మద్రాసులో హైకోర్టు ప్రాంతంలో జనం గుమిగూడారు, పోలీసులు కాల్పులు జరిపారు, ఒక యువకుడు చనిపోయాడు. ఆ శవాన్ని చూడ్డానికి ప్రకాశం ముందుకు నడిచారు. అడుగేస్తే కాలుస్తామన్నారు పోలీసులు. ఆయన గుండెలు విప్పి కాల్చమన్నారు. తుపాకులు దించక తప్పలేదు. అప్పటికాయనకు 55 ఏళ్ళు. ‘ఆంధ్రకేసరి’ అన్న పేరు ఆయనకు శాశ్వతంగా అంటుకుపోయింది. ఈ ఘట్టం అందరికీ తెలిసిందే కనుక ఇంతటితో వదిలి, తెలియని చోటికి వెళ్దాం.

1937 ఎన్నికలతో కథ మలుపు తిరిగింది. మద్రాసు రాష్ట్రంలో జస్టిస్ పార్టీ తుడిచిపెట్టుకుపోయింది. అంతకుముందు రాష్ట్ర ప్రభుత్వాన్ని నడిపిన బొబ్బిలి రాజా సొంత గడ్డ మీద వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. రాజాజీ నాయకత్వంలో కాంగ్రెస్ ప్రభుత్వం వచ్చింది. అందులో ప్రకాశం రెవెన్యూ మంత్రి. ఆ కుర్చీలో కూర్చున్నాక ఆయన పట్టుకున్న పని జమీందారీ.

ఆ సమస్య ఏమిటో కాస్త చెప్పుకోవాలి. 1802లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు ప్రాంతంలో శాశ్వత శిస్తు ఏర్పాటు చేసింది. జమీందారు సర్కారుకు ఏటా కట్టాల్సిన పేష్కషు ఇంత అని ఒకసారి నిర్ణయించి, ఇక ఎప్పటికీ పెంచనని మాటిచ్చింది. జమీందారు రైతు దగ్గర వసూలు చేసేదానికి మాత్రం అంత గట్టి కట్టుబాటు లేకపోయింది. ఫలితం ఏమిటి? పేష్కషు ఉన్నచోటే ఉంది. శిస్తు మాత్రం తరం తరానికీ పెరుగుతూ పోయింది. వెంకటగిరి, పిఠాపురం, బొబ్బిలి, విజయనగరం, నూజివీడు, చల్లపల్లి, ఇలా ఎన్నో దివాణాలు. శిస్తుకు తోడు పశువుల్ని మేపుకుంటే పుల్లరి, అడవిలో కట్టె కొడితే రుసుము, పండక్కీ పెళ్ళికీ కానుకలు, వెట్టిచాకిరీ. చెరువు పూడిపోతే బాగుచేసే నాథుడుండడు. మద్రాసు రాష్ట్రంలో దాదాపు మూడో వంతు ప్రాంతం ఇలాంటి ఎస్టేట్ల కింద ఉండేది. 1908లో వచ్చిన ఎస్టేట్స్ ల్యాండ్ యాక్టు రైతుకు సాగు హక్కు ఇచ్చింది కానీ శిస్తు భారాన్ని తొలగించలేకపోయింది. 1930ల్లో ధరలు కూలిపోయినప్పుడు పంట అమ్మినా శిస్తుకు చాలని పరిస్థితి వచ్చింది. ఎన్.జి. రంగా వంటివారి నాయకత్వంలో రైతు సంఘాలు రోడ్డెక్కాయి.

1908 చట్టం కింద ఎస్టేట్లలో ఉన్న పరిస్థితులు తేల్చడానికి ఉభయసభల సభ్యులతో కమిటీ వేశారు. అధ్యక్షుడు ప్రకాశం. కమిటీ ఊళ్ళు తిరిగి రైతుల మాటా, జమీందారుల మాటా రికార్డు చేసింది. పాత కాగితాలు, 1802 నాటి లెక్కలు, కోర్టు తీర్పులు అన్నీ దుమ్ము దులిపింది. 1938లో నివేదిక బయటికొచ్చింది. కొన్ని సంపుటాలు పట్టిన ఆ నివేదికలో తేల్చింది ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇది: భూమి రైతుది. జమీందారు భూస్వామి కాదు, సర్కారు తరఫున శిస్తు వసూలు చేసే మనిషి మాత్రమే. కనుక ఇష్టం వచ్చినట్టు శిస్తు పెంచే హక్కు ఆయనకు ఏనాడూ లేదు. శిస్తును తిరిగి 1802 నాటి స్థాయికి తేవాలి.

ఈ వాదనలో ఉన్న పదును గమనించాలి. జాలిపడి రైతుకు తగ్గింపు ఇవ్వమని ఆయన అడగలేదు. నూటముప్ఫై ఏళ్ళుగా జరుగుతున్నది అక్రమమని, అది కూడా కంపెనీ వాళ్ళ సొంత దస్తావేజుల్లోంచే చూపించారు. హైకోర్టులో పద్నాలుగేళ్ళు వాదించిన లాయరు మెదడు ఇక్కడ పనికొచ్చింది. చట్టం చేసేలోపే రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది, 1939 అక్టోబరులో కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. నివేదిక బల్ల మీదే ఉండిపోయింది. అయినా అది వృథా పోలేదు. జమీందారీలను రద్దు చేస్తూ మద్రాసు శాసనసభ చట్టం తెచ్చింది 1948లో. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది తిరగ్గానే అలాంటి చట్టం చేయగలిగారంటే, పదేళ్ళ ముందే దానికి నేల దున్నిపెట్టినవాడు ప్రకాశం.

క్విట్ ఇండియా రోజుల్లో జైలు. యుద్ధం ముగిశాక మళ్ళీ ఎన్నికలు. 1946 ఏప్రిల్ 30న, 73 ఏళ్ళ వయసులో, ఉమ్మడి మద్రాసు రాష్ట్రానికి ప్రధాని అయ్యారు. అప్పట్లో రాష్ట్ర ముఖ్యమంత్రిని ప్రధాని అనే పిలిచేవారు. ఆ పదవి సులభంగా రాలేదు. గాంధీజీకి అది ఇష్టం లేదు. ప్రజలు విరాళంగా ఇచ్చిన సంచుల డబ్బును ప్రకాశం తన అవసరాలకు వాడుకున్నారన్నది గాంధీజీ అభ్యంతరం. తన సంపాదన అంతా ఉద్యమానికి ధారపోసిన మనిషికి, బతకడానికని జనం ప్రేమతో ఇచ్చింది తీసుకోవడంలో తప్పేముందన్నది ప్రకాశం వైపు మాట. ఇద్దరి వైపూ నిజాయితీ ఉంది. పార్టీ శాసనసభ్యులు మాత్రం ప్రకాశం వైపే నిలిచారు.

ఆ పదకొండు నెలల పాలన మిశ్రమంగా సాగింది. ఫిర్కాల వారీగా గ్రామాభివృద్ధి పథకం మొదలుపెట్టారు. కొన్ని ఊళ్ళు కలిసిన రెవెన్యూ విభాగమే ఫిర్కా. దాన్నొక యూనిట్‌గా తీసుకుని రోడ్లు, మంచినీటి బావులు, సహకార సంఘాలు, కుటీర పరిశ్రమలు ఒకే చోట పెంచాలన్నది ఆలోచన. తరువాత దేశమంతా వచ్చిన అభివృద్ధి బ్లాకుల పద్ధతికి ఇది ముందు రూపం. మరోవైపు, యుద్ధం తరువాత రాష్ట్రానికి కేటాయించిన కొత్త నూలుమిల్లుల కదుర్లు వద్దని తిప్పికొట్టారు. ఊరూరా రాట్నం తిరగాలి, మిల్లులు పెరిగితే ఖద్దరు చస్తుందన్నది ఆయన నమ్మకం. బట్టలకు కరువుగా ఉన్న కాలంలో ఆ నిర్ణయం పొరపాటు. మిల్లు యజమానులతో పాటు సొంత పార్టీవాళ్ళూ ఎదురుతిరిగారు.

దానికంటే పెద్ద పొరపాటు ఇంకోటుంది. 1947 జనవరిలో ప్రజాభద్రత పేరుతో ఆర్డినెన్సు తెచ్చి కమ్యూనిస్టులను విచారణ లేకుండా జైళ్ళలో వేయించారు. తానే అలాంటి చట్టాల కింద ఏళ్ళ తరబడి జైల్లో మగ్గిన మనిషి చేతుల మీదుగా ఇది జరగడం బాధ కలిగిస్తుంది. ఆయన్ని అభిమానించేవారు ఈ పుటను దాటవేస్తుంటారు. దాటవేయకూడదు. అదే ఏడాది మార్చి 23న పార్టీలో అవిశ్వాసంతో పదవి పోయింది. ఓమందూరు రామస్వామి రెడ్డియార్ ఆ స్థానంలోకి వచ్చారు.

ఆ తరువాత కాంగ్రెస్‌తో ఆయనకు సరిపడలేదు. 1951లో బయటికొచ్చి కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీలో చేరారు. 1952 మొదటి సార్వత్రిక ఎన్నికల్లో మద్రాసు శాసనసభలో 375 స్థానాలకు కాంగ్రెస్‌కు వచ్చినవి 152 మాత్రమే. ప్రతిపక్షాలన్నీ, కమ్యూనిస్టులతో సహా, ఒక ఫ్రంటుగా ఏర్పడి ప్రకాశాన్నే నాయకుడిగా ఎన్నుకున్నాయి. అయిదేళ్ళ కిందట తాను జైల్లో పెట్టించినవాళ్ళే ఆయన వెనక నిలబడ్డారు. గవర్నరు శ్రీప్రకాశ మాత్రం ఎన్నికల్లో పోటీ కూడా చేయని రాజాజీని కౌన్సిల్‌కు నామినేట్ చేసి ప్రభుత్వం ఏర్పాటుకు పిలిచారు. రాజ్యాంగం వచ్చిన కొత్తలోనే గవర్నరు అధికారం మీద లేచిన పెద్ద వివాదం అది.

ఆ ఏడాది చివర్లో పొట్టి శ్రీరాములు మద్రాసులో అక్టోబరు 19న నిరాహార దీక్ష మొదలుపెట్టి డిసెంబరు 15న ప్రాణం విడిచారు. కోస్తా అట్టుడికిపోయింది. డిసెంబరు 19న నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు ప్రకటించారు. మద్రాసు నగరం దక్కలేదు. కోస్తా, రాయలసీమ నాయకులు అంతకుముందే చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక ప్రకారం రాజధాని రాయలసీమకు, హైకోర్టు కోస్తాకు అన్న లెక్క కుదిరింది. 1953 అక్టోబరు 1న కర్నూలులో నెహ్రూ సమక్షంలో పదకొండు జిల్లాల రాష్ట్రం పుట్టింది. కాంగ్రెస్‌కు ముఖ్యమంత్రిగా ప్రకాశం తప్ప అందరికీ సమ్మతమైన మనిషి దొరకలేదు. ఆయన తన పార్టీని వదిలి ఆ బాధ్యత తీసుకున్నారు. నీలం సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి. ఆర్థిక శాఖ ప్రకాశానికి కుడిభుజం లాంటి తెన్నేటి విశ్వనాథం చేతిలో. అప్పటికి యువకుడైన దామోదరం సంజీవయ్య కూడా ఆ మంత్రివర్గంలో ఉన్నారు.

కర్నూలు అప్పుడు ఒక జిల్లా కేంద్రం. తుంగభద్ర ఒడ్డున కొండారెడ్డి బురుజు, సన్నని వీధులు, ఎండాకాలంలో మండే బండ నేల. అలాంటి ఊళ్ళోకి రాతపనివాళ్ళు, ఫైళ్ళు, మంత్రులు, శాసనసభ్యులు ఒక్కసారిగా వచ్చిపడ్డారు. భవనాలు చాలక డేరాలు వేశారు. గుడారాల కిందే ఆఫీసులు, అక్కడే కాపురాలు. మద్రాసులో విశాలమైన సెక్రటేరియట్‌లో పనిచేసిన ఉద్యోగులు డేరాలో బల్ల వేసుకుని జీవోలు తయారుచేశారు. ఖజానా బక్కచిక్కి ఉంది. మద్రాసుతో ఆస్తులు, అప్పుల పంపకం తెగని లెక్కలు. ఆ పరిస్థితిలో ఎనభై ఒక్క ఏళ్ళ మనిషి ఏం చేయగలడని ఎవరైనా అనుకుని ఉంటే ఆశ్చర్యం లేదు.

ఆయన చేసినవాటిలో ముఖ్యమైంది విజయవాడ దగ్గర కృష్ణ మీద కొత్త బ్యారేజీ. అక్కడ 1855లో పూర్తయిన పాత ఆనకట్ట ఉండేది. దాని మీద కృష్ణా, గుంటూరు జిల్లాల డెల్టా అంతా బతికింది. నూరేళ్ళు నిండకుండానే అది బలహీనపడి, 1952లో గండిపడింది. అంటే లక్షల ఎకరాల వరి ఏ వరదకు ఏమవుతుందో తెలియని స్థితి. కొత్త రాష్ట్రం డబ్బుల్లేవని చేతులు ముడుచుకుని కూర్చోవచ్చు. కేంద్రం సాయం కోసం ఎదురు చూస్తూ ఏళ్ళు గడపొచ్చు. ప్రకాశం ప్రభుత్వం 1954 ఫిబ్రవరిలోనే పని మొదలుపెట్టించింది. రాష్ట్రం పుట్టి అప్పటికి అయిదు నెలలు కూడా కాలేదు.

బ్యారేజీకీ ఆనకట్టకీ తేడా ఉంది. ఆనకట్ట రాతి గోడ, దాని ఎత్తు దాకా నీళ్ళు నిలుస్తాయి, మిగిలింది పైనుంచి పొర్లిపోతుంది. బ్యారేజీకి తలుపులుంటాయి. వరద వస్తే ఎత్తేస్తారు, తగ్గాక దించేసి నీళ్ళు ఆపుతారు. దాని మీదుగా రోడ్డు వేస్తే అటు గుంటూరు, ఇటు విజయవాడ కలుస్తాయి. ఈ కొత్త కట్టడం పొడవు 1,223 మీటర్లు, తలుపులు 70. ఇవాళ దాని కింద పన్నెండు లక్షల ఎకరాలకు పైగా సాగవుతోంది. దివిసీమ దాకా వెళ్ళే ప్రతి కాలువకూ మొదలు అక్కడే.

ఆ పదమూడు నెలల్లోనే మరో రెండు సంస్థలు పుట్టాయి. గుంటూరులో 1954 జూలైలో ఆంధ్ర హైకోర్టు తెరుచుకుంది. దాని మొదటి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు ఆ తరువాత దేశ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954 సెప్టెంబరులో మొదలైంది. అప్పటిదాకా రాయలసీమ కుర్రవాడు డిగ్రీ దాటి చదవాలంటే మద్రాసుకో వాల్తేరుకో పోవాల్సిందే. తిరుమల దేవస్థానం భూమీ డబ్బూ ఇచ్చింది. సీమలో ఇవాళ్టి లాయర్లూ, లెక్చరర్లూ, అధికారులూ ఎంతోమంది ఆ విశ్వవిద్యాలయం గడప దాటినవాళ్ళే.

ఇక పతనం. మద్యనిషేధం మద్రాసు నుంచి వారసత్వంగా వచ్చింది. దాన్ని అమలు చేయడానికి పోలీసులు, కేసులు, జైళ్ళు. ఊళ్ళలో నాటుసారా పెరిగింది. ఖజానాకు ఆబ్కారీ రాబడి లేదు. తాటిచెట్టు, ఈతచెట్టు మీద బతికే గీత కార్మికుల వృత్తి పోయింది, పట్టుబడ్డవాళ్ళు జైలుపాలయ్యారు. వాళ్ళ పక్షాన గౌతు లచ్చన్న సత్యాగ్రహం నడిపారు. నిషేధం సంగతి తేల్చమని వేసిన రామమూర్తి కమిటీ కూడా అది పనిచేయడం లేదని, ఎత్తివేయడమే మంచిదని చెప్పింది. ప్రకాశం ప్రభుత్వం మాత్రం నిషేధాన్ని వదులుకోలేకపోయింది. గాంధీ శిష్యుడిగా ఆ పట్టుదల అర్థమవుతుంది. కానీ పేద కులవృత్తులవాళ్ళ జీవనోపాధి ప్రశ్న అందులో ఉందని ఆయన తగినంతగా చూడలేదు. కమ్యూనిస్టులు, కృషికార్ లోక్ పార్టీ తదితర ప్రతిపక్షాలు కలిసి అవిశ్వాసం పెట్టాయి. 69, 68. నవంబరు 15న రాష్ట్రపతి పాలన వచ్చింది. 1955 ఎన్నికల తరువాత బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు.

రెండుసార్లు ప్రభుత్వం నడిపిన మనిషి, రెండుసార్లూ కలిపి రెండేళ్ళకు మించి అధికారంలో లేరు. రెండుసార్లూ పడిపోవడానికి కారణం గాంధీ నుంచి నేర్చుకున్న సిద్ధాంతమే: మొదట రాట్నం, తరువాత మద్యనిషేధం. మిత్రులను పోగేయడం, ఓట్లు లెక్కపెట్టుకోవడం ఆయనకు చేతకాని విద్య. ఎవరినైనా నమ్మితే పూర్తిగా నమ్మేవారు, కోపమొస్తే దాచుకునేవారు కాదు. దుడుకు మనిషని సమకాలికులు అన్న మాటలో నిజం ఉంది. అయితే ఆ దుడుకుతనమే బ్యారేజీ పనిని అయిదు నెలల్లో మొదలుపెట్టించింది కూడా.

చివరి రోజుల్లో ఆయనకు సొంత ఆస్తి మిగల్లేదు. ఒకప్పుడు మద్రాసులో ఇళ్ళున్న బారిస్టరు, మిత్రులూ అభిమానులూ చూసుకుంటే బతికారు. 1956 నవంబరు 1న తెలంగాణతో కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడడం కళ్ళారా చూశారు. 1957 వేసవిలో ఒంగోలు ప్రాంతంలో ఒక హరిజనవాడకు వెళ్ళినప్పుడు వడదెబ్బ తగిలింది. హైదరాబాదుకు తీసుకువచ్చారు. మే 20న కన్నుమూశారు. 84 ఏళ్ళ వయసులో, నడిఎండలో, దళితవాడకు వెళ్ళిన మాజీ ముఖ్యమంత్రి ఆయన.

ఆయన పోయిన ఏడు నెలలకు, 1957 డిసెంబరు 24న, విజయవాడ బ్యారేజీ పూర్తయి ప్రారంభమైంది. దానికి ఆయన పేరే పెట్టారు. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ప్రకాశం జిల్లా అని పేరు మార్చారు. ఆత్మకథ నాలుగో భాగాన్ని తెన్నేటి విశ్వనాథం పూర్తిచేశారు.

పాఠ్యపుస్తకాలు రాసేవాళ్ళకు, ఉపాధ్యాయులకు ఒక విన్నపం. సైమన్ కమిషన్ పాఠం ఉండనివ్వండి. దాని పక్కన 1938 జమీందారీ కమిటీ నివేదిక గురించి ఒక పేజీ, కర్నూలు డేరాల్లోంచి మొదలైన బ్యారేజీ గురించి ఇంకో పేజీ చేర్చండి. తప్పుల సంగతి కూడా రాయండి: 1947 ఆర్డినెన్సు, గీత కార్మికుల కష్టం. పదో తరగతి పిల్లవాడు అవి తట్టుకోగలడు. ఇక పెద్దవాళ్ళ విషయానికి వస్తే, ‘నా జీవిత యాత్ర’ దొరికితే చదవండి. ఒంగోలు పూటకూళ్ళ ఇంటి నుంచి మొదలుపెట్టండి.